అండమాన్ వెళ్తున్నారా? మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, బంధువులు, వాళ్ళ స్నేహితులు, ఆ స్నేహితుల ఆఫీసువాళ్ళు వరసగా ఫోన్లు చేస్తుంటారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. ముందుగా ఒక్క మాట. ఈ దీవుల్లో ప్రోగ్రాం వేసేది మనం కాదు. పొద్దు, ఆటుపోట్లు, ఓడల టైములు వేస్తాయి, మనం అందులో ఇమడాలి. అది తెలిసి వచ్చినవాళ్ళకి ఇక్కడ టెన్షన్ ఉండదు.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి. నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి నెలలే మేలు. అప్పటికి క్రిస్మస్, సంక్రాంతి రద్దీ తగ్గుతుంది, ఫెర్రీ టికెట్లు, గదులు సులువుగా దొరుకుతాయి. పిల్లల వేసవి సెలవులకే కుదురుతుందంటే స్కూలు మూసిన వెంటనే బయల్దేరండి. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మే మూడో వారానికల్లా ఇక్కడ తగులుతాయి. ఒకసారి పట్టుకుంటే రోజుల తరబడి కురుస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండాల భయం ఉంటుంది. అప్పుడు ఫెర్రీలు ఆపేస్తారు, ఏ దీవిలో ఉన్నవాళ్ళు ఆ దీవిలోనే ఉండిపోవాలి.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

ఆరు రాత్రులు ఉంటే రాజధాని పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్ దీవి, నీల్ దీవి మూడూ హడావుడి లేకుండా చూడొచ్చు. మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో, మూడు హేవ్‌లాక్‌లో, ఒకటి నీల్‌లో, చివరిది మళ్ళీ పోర్ట్ బ్లెయిర్‌లో. నాలుగు రోజులే ఉన్నాయంటే నీల్ మానేయండి. ప్యాకేజీవాళ్ళు నాలుగు రోజుల్లో ఎనిమిది చోట్లు చూపిస్తామంటారు. అందులో సగం సమయం జెట్టీల దగ్గర క్యూలోనే పోతుంది. ఎన్ని చూశామన్న లెక్క కోసం ఇంత దూరం రావద్దు.

విమానమా, ఓడా? వైజాగ్ నుంచి ఓడ ఉందంటారు కదా?

ఉంది. చెన్నై, కోల్‌కతాలతోపాటు విశాఖపట్నం నుంచి కూడా పోర్ట్ బ్లెయిర్‌కి ప్రయాణికుల ఓడ నడుస్తుంది. కానీ వైజాగ్ ఓడ తరచుగా ఉండదు. తేదీలు కాస్త ముందు మాత్రమే తెలుస్తాయి, అవీ మారుతుంటాయి. ప్రయాణం రెండున్నర రోజుల నుంచి మూడు రోజులు పడుతుంది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలకి ఆ ఓడ ఊరి బస్సుతో సమానం. పెళ్ళిళ్ళకి, పండగలకి బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు వేసుకుని అందులోనే రాకపోకలు. మీకు తీరిక ఉంటే ఒకవైపు ఓడలో రండి, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ కనబడని రోజు ఒకటి జీవితంలో ఉండాలి. వారం సెలవు పెట్టి వచ్చేవాళ్ళకి మాత్రం విమానమే దారి. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చే సర్వీసులో సుమారు రెండున్నర గంటలు. మిగతా ఊళ్ళవాళ్ళకి చెన్నై మీదుగా రావడం తేలిక. పగటి విమానమైతే కిటికీ సీటు తీసుకోండి. దిగే ముందు పగడపు దిబ్బల చుట్టూ నీళ్ళు లేత ఆకుపచ్చగా మారడం పైనుంచి చూడాల్సిందే.

టికెట్ మీద వేరే పేరుంది, సరైన ఊరికే బుక్ అయిందా?

కంగారు పడకండి. 2018 డిసెంబరులో హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కి షహీద్ ద్వీప్ అని, పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా ఉన్న రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఆటోవాళ్ళూ మేమూ ఇప్పటికీ పాత పేర్లే వాడుతున్నాం, కాబట్టి ఇక్కడా అవే రాస్తున్నాను.

పర్మిట్ కావాలా?

భారతీయులకి మామూలుగా తిరిగే దీవులకి అక్కర్లేదు. ఆధార్‌లాంటి గుర్తింపు కార్డు అసలుది దగ్గర ఉంచుకోండి, ఫెర్రీ ఎక్కేటప్పుడు చూస్తారు. అమెరికాలో పుట్టిన మనవళ్ళతో వచ్చేవాళ్ళు మాత్రం విదేశీ పాస్‌పోర్టు నిబంధనలు టికెట్ కొనకముందే చూసుకోవాలి, అవి మారుతుంటాయి. నికోబార్ దీవులకి మామూలు పర్యాటకులని పంపరు.

మొదటి రోజు ఏం చూడాలి?

సెల్యులార్ జైలు, బ్రిటిష్‌వాళ్ళు స్వాతంత్ర్య సమరయోధుల్ని బంధించిన చోటు. మధ్యాహ్నం రెండింటికల్లా లోపల ఉండేలా చూసుకోండి, హడావుడిగా ఫొటోలు తీసుకుని వచ్చేసే చోటు కాదది. 1896లో కట్టడం మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. మధ్యలో కావలి బురుజు, దాని నుంచి ఏడు వైపులకి ఏడు బారాకులు. ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక బారాకు ముందు భాగం ఇంకో బారాకు వీపుని చూస్తుంది, అంటే ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ ముఖం కనబడదు. ఒక గదిలోకి వెళ్ళి నిలబడండి. కిటికీ ఉండదు, చేతికందని ఎత్తులో ఒక గవాక్షం మాత్రమే. తర్వాత బయటికి వచ్చి గడియని చూడండి. కమ్మీల తలుపు నుంచి పొడుగాటి ఇనుప కడ్డీ వెళ్ళి, పక్క గోడలో తొలిచిన గూటిలో పడుతుంది. తాళం ఆ గూటిలో ఉంటుంది. లోపలి మనిషి కమ్మీల్లోంచి చెయ్యి ఎంత సాచినా అందదు. గైడు చెప్పే కథలన్నిటికంటే ఆ గూడు ఎక్కువ చెబుతుంది. గానుగ కూడా అక్కడే ఉంది, ఎద్దులు తిప్పాల్సిన గానుగని మనుషులతో తిప్పించి రోజుకింత నూనె తీయాలని లెక్క పెట్టేవాళ్ళు.

సాయంత్రం అదే ఆవరణలో సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది. సీజన్‌లో టికెట్లు అయిపోతాయి, ముందే తీసుకోండి. భాష విషయం కూడా కనుక్కోండి, హిందీ ఆట వేరు, ఇంగ్లీషు ఆట వేరు.

అక్కడ మన తెలుగువాళ్ళు శిక్ష అనుభవించారా?

అనుభవించారు. 1922–24 మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి బయటపడ్డారు. 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. సీతారామరాజు పేరు తెలియని తెలుగు పిల్లలుండరు, మల్లుదొర పేరు మాత్రం చాలామందికి తెలియదు. పిల్లలతో వస్తే జైలు మెట్ల మీద కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పండి.

రాస్ ఐలాండ్, నార్త్ బే రెండూ వెళ్ళాలా?

ఒక్కటే అంటే రాస్. అబర్డీన్ జెట్టీ నుంచి పడవలో కొద్ది నిమిషాలే. 1858 తర్వాత ఎనభై ఏళ్ళకి పైగా బ్రిటిష్‌వాళ్ళ పాలన ఇక్కడి నుంచే సాగింది. చర్చి, బేకరీ, కమిషనర్ బంగళా, నాట్యశాల అన్నీ ఉండేవి. 1941 భూకంపం, ఆ మరుసటి ఏడు జపాన్ సైన్యం రాక, దాంతో ఖాళీ అయింది. ఇప్పుడు గోడల్ని మర్రిజాతి వేళ్ళు పట్టుకుని నిలబెట్టాయి. చుక్కల జింకలు జనానికి అలవాటు పడి దగ్గరికి వస్తాయి, చేతిలో ఏదుంటే అది పెట్టకండి. మెట్లు దిగి దీవికి అవతలి ఒడ్డున ఉన్న లైట్‌హౌస్ దాకా నడవండి, సగంమంది అంతదూరం వెళ్ళకుండానే పడవకి టైమైందని వెనక్కి తిరుగుతారు.

నార్త్ బే అంటే పాత ఇరవై రూపాయల నోటు వెనక కనబడే లైట్‌హౌస్ కొండ. నీటి ఆటలు ఉంటాయి. హేవ్‌లాక్ వెళ్ళేవాళ్ళకి అవన్నీ అక్కడ ఇంకా బాగుంటాయి.

హేవ్‌లాక్‌కి ఎలా వెళ్ళాలి? ఓడలో వాంతులవుతాయని భయంగా ఉంది.

ప్రైవేటు ఫెర్రీల్లో సుమారు గంటన్నర, ప్రభుత్వ ఫెర్రీలో రెండు గంటలకి పైనే. ప్రైవేటువి ఏసీ హాళ్ళు, కూర్చున్నచోటు నుంచి లేవడం కుదరదు. ప్రభుత్వ ఫెర్రీ చవక, డెక్ మీద నిలబడొచ్చు. ఓడ ముందు కొస దగ్గర నిలబడి నీళ్ళకేసి చూస్తుంటే ఎగిరే చేపలు గుంపుగా లేచి, అలల మీదుగా జారుకుంటూ పోయి మళ్ళీ మునుగుతాయి. నాకైతే ప్రభుత్వ ఫెర్రీయే ఇష్టం. కాకపోతే దాని టికెట్లు దొరకడం కష్టం. డిసెంబరులో ప్రైవేటువి కూడా ముందే అయిపోతాయి. గది కంటే ముందు ఫెర్రీ టికెట్ తీసుకోండి. ఏ జెట్టీ నుంచో టికెట్ మీద చూసి వెళ్ళండి, హాడో వేరు, ఫీనిక్స్ బే వేరు.

వాంతుల మాటకొస్తే, ఖాళీ కడుపుతో ఎక్కకండి, నూనె టిఫిన్ తిని కూడా ఎక్కకండి. రెండు ఇడ్లీలు చాలు. ప్రయాణం పడనివాళ్ళు డాక్టర్‌ని అడిగి మాత్ర అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. కింది అంతస్తులో, మధ్య వరసల్లో కుదుపు తక్కువ. ఫోన్ పక్కన పెట్టి దూరంగా సముద్రం, ఆకాశం కలిసేచోట చూపు నిలపండి.

హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ నిజంగా అంత బాగుంటుందా?

బాగుంటుంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేటి బీచ్ అని రాసింది, 2020లో శుభ్రంగా, సురక్షితంగా ఉన్న బీచ్‌లకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఈ బిరుదులు లేకపోయినా అక్కడి ఇసుక, వెనక నిలువెత్తు అడవి అలాగే ఉంటాయి. పడమటి ఒడ్డు కాబట్టి సూర్యాస్తమయం చూడాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అండమాన్ దేశానికి బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. డిసెంబరులో సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు మునిగిపోతాడు. హోటల్లో నిద్ర తీసి, టీ తాగి ఐదింటికి బయల్దేరితే చీకట్లో చేరతారు. మధ్యాహ్నం మూడింటికే వెళ్ళండి, నీళ్ళలో ఆడండి, ఒళ్ళు ఆరాక సూర్యాస్తమయం చూడండి. తెల్లవారడం కూడా అంతే తొందర. కాలాపత్తర్ బీచ్‌లో సూర్యోదయం చూడాలంటే ఐదుకే దారిలో ఉండాలి.

ఈత రాదు. స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడం) చేయొచ్చా?

చేయొచ్చు. మొదటిసారి దిగేవాళ్ళకి చేయించే డైవ్‌కి ఈత అక్కర్లేదు, ఒక శిక్షకుడు మీ వెంటే ఉంటాడు. 12 మీటర్లు దాటి తీసుకెళ్ళరు. పదేళ్ళు నిండిన పిల్లలు కూడా దిగొచ్చు. ముందు లోతు తక్కువ నీళ్ళలో నోటితో ఊపిరి పీల్చడం, కళ్ళద్దాల్లోకి నీళ్ళొస్తే ఊది బయటికి పంపడం నేర్పిస్తారు. లోతుకి దిగుతుంటే చెవులు నొక్కుకుపోతాయి. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే వదులుతాయి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే ఊదుతూ ఉండాలి. సంజ్ఞలు బాగా గుర్తుపెట్టుకోండి. బొటనవేలు పైకి చూపిస్తే "బాగుంది" అని కాదు, "పైకి వెళ్దాం" అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. చేపల్ని చూసిన సంబరంలో బొటనవేలు ఎత్తి, అర్ధంతరంగా పైకి వచ్చేసినవాళ్ళు ఎందరో.

ఆస్తమా, గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషన్, గర్భం ఉంటే దిగొద్దు. ఆరోగ్య ఫారంలో అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టేయడం మనకలవాటు, ఇక్కడ ఆ పని చేయకండి. జలుబున్నా ఆ రోజుకి మానుకోండి, చెవులు వదలవు. ధర చూసి కాదు, శిక్షకుడు ఎంత ఓపిగ్గా చెబుతున్నాడో చూసి సెంటర్ ఎంచుకోండి.

పగడాలు చూడాలంటే ఎలిఫెంట్ బీచా, జాలీ బాయా?

ఎలిఫెంట్ బీచ్ హేవ్‌లాక్‌లోనే, పడవలో వెళ్తారు, అడవి దారిన నడిచి కూడా వెళ్ళొచ్చు. స్నార్కెలింగ్‌కి, అంటే గాలి గొట్టం పెట్టుకుని నీటిపైనే తేలుతూ కిందికి చూడ్డానికి, మంచిది, జనం ఎక్కువ. జాలీ బాయ్ వండూర్ దగ్గర మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది. ఆ దీవిని ఏడాదిలో కొన్ని నెలలే తెరుస్తారు, మిగతా నెలల్లో దాని బదులు రెడ్ స్కిన్ దీవికి పంపి దీనికి విశ్రాంతినిస్తారు. జెట్టీ దగ్గర సంచులు వెతికి ప్లాస్టిక్ ఆపేస్తారు. చిప్స్ ప్యాకెట్టు కూడా పోనివ్వరు. ఆ కట్టుదిట్టం వల్లే ఆ దీవి అంత శుభ్రంగా ఉంది. కుదిరితే జాలీ బాయ్‌కే వెళ్ళండి.

ఎక్కడైనా సరే, పగడాల మీద నిలబడకండి. రాయిలా కనబడుతుంది గానీ ప్రాణమున్నది. 2010లో, 2016లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు తెల్లబడిపోయాయి. కోలుకుంటున్నవాటిని మన కాళ్ళు విరగ్గొట్టకూడదు.

నీల్‌లో చూడ్డానికి ఏముంది? ఒక్క పూట చాలదా?

పూటలో తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ, వాళ్ళకి నీల్ కనబడదు. అక్కడి ఊళ్ళు, బీచ్‌ల పేర్లు రామాయణంలోవే, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. కూరగాయల తోటలు, అరటి, పోక చెట్ల మధ్య సైకిల్ మీద తిరగొచ్చు.

అసలు సంగతి లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో ఉన్న సహజ వంతెన. దాన్ని పాటు వేళే, అంటే నీళ్ళు వెనక్కి తీసినప్పుడే చూడాలి. పోటు మీదుంటే రాళ్ళ మీద నడవడానికే దారుండదు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటలు. రోజురోజుకీ సుమారు ముప్పావుగంట ఆలస్యమవుతుంటాయి. హోటల్‌వాళ్ళని అడిగి ఆ టైము ప్రకారమే వెళ్ళండి. పౌర్ణమికి, అమావాస్యకి దగ్గరగా వస్తే నీళ్ళు ఇంకా దూరం తీస్తాయి. అప్పుడు రాళ్ళ గుంటల్లో నిలిచిన నీళ్ళలోకి వంగి చూడండి. నల్లటి సముద్ర దోసకాయలు, వేలెడంత చేపలు, శంఖాన్ని వీపు మీద మోసుకుంటూ పరిగెత్తే సన్యాసి పీతలు, నీలం ఊదా రంగుల పెదవులు తెరిచి ఉన్న ఆల్చిప్పలు కనబడతాయి. మన నీడ పడితే చాలు, ఆ ఆల్చిప్పలు టక్కున మూసుకుంటాయి. పట్టున్న చెప్పులు వేసుకోండి, రాళ్ళు నాచుపట్టి జారతాయి.

బారాటాంగ్ వెళ్ళాలా? గుహలు బాగుంటాయట.

ఇది మీ ఇష్టం, నా అభిప్రాయం మాత్రం చెబుతాను. సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం, మడ అడవిలో పడవ ప్రయాణం, ఇవీ అక్కడివి. ఆ పడవ ప్రయాణం చాలా బాగుంటుంది. గుహలు మాత్రం మన బొర్రా చూసినవాళ్ళకి చిన్నవిగానే అనిపిస్తాయి. రోడ్డు దారి జారవాలు అనే ఆదివాసుల అడవి మధ్య నుంచి వెళ్తుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి వాహనాలన్నీ కాన్వాయ్‌గా, ఆగకుండా పోవాలి. మొదటి కాన్వాయ్ కోసం తెల్లవారుజామున మూడు, నాలుగింటికే లేవాలి. జారవాల ఫొటో తీయడం, వాళ్ళకి తినేవి ఇవ్వడం నేరం, జైలుశిక్ష ఉంది. 2013లో సుప్రీంకోర్టు కొన్ని వారాలపాటు ఈ దారిలో పర్యాటకుల్ని ఆపేసింది కూడా. "జారవాలు కనబడతారా?" అని ఆశగా అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ ఇంటి మధ్యలోంచి మనం వెళ్తున్నాం, అంతే. వాళ్ళని చూడ్డానికి వెళ్ళేది కాదు. మడ అడవే చూడాలనుకుంటే హేవ్‌లాక్‌లో కయాకింగ్ (చిన్న తెడ్డు పడవ నడపడం) చేయిస్తారు. చంద్రుడు లేని రాత్రి వెళ్తే తెడ్డు వేసినచోటల్లా నీళ్ళు నీలంగా మెరుస్తాయి.

గవ్వలు, శంఖాలు ఏరి తెచ్చుకోవచ్చా?

వద్దు. పగడాలు, పెద్ద ఆల్చిప్పలు, కొన్ని రకాల శంఖాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. ఏది నిషిద్ధమో ఏది కాదో మనకి తెలియదు, ఎయిర్‌పోర్టులో సామాను వెతుకుతారు. పైగా సన్యాసి పీతకి ఇల్లు ఆ ఖాళీ శంఖమే. కొనాలనిపిస్తే ప్రభుత్వ ఎంపోరియంలో బిల్లు తీసుకుని కొనండి.

భోజనం ఎలా? తెలుగు నడుస్తుందా?

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 13 శాతం. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మీడియం బడి ఉంది, జంగ్లీఘాట్‌లో జాలరి కుటుంబాలు సిక్కోలు యాసలోనే మాట్లాడుకుంటాయి. చేపల మార్కెట్లో తెలుగులోనే బేరమాడొచ్చు. మిగతాచోట్ల హిందీ. ఇడ్లీ, దోసె, భోజనం పోర్ట్ బ్లెయిర్‌లో సులువుగా దొరుకుతాయి. హేవ్‌లాక్‌లో శాకాహారం దొరుకుతుంది గానీ చాలా సరుకు ఓడలో రావాలి కాబట్టి ధరలెక్కువ. చేప తినేవాళ్ళకి మాత్రం పండగే.

ఫోన్, డబ్బులు?

2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ బాగా మెరుగైంది. హేవ్‌లాక్, నీల్‌లలో కొన్నిచోట్ల అందదు. ఫోన్‌పే నడుస్తుంది, అయినా నగదు ఉంచుకోండి, చిన్న దీవుల్లో ఏటీఎంలు తక్కువ.

మొసళ్ళుంటాయా?

ఉప్పునీటి మొసళ్ళున్నాయి, ముఖ్యంగా వాగులు, మడ అడవుల దగ్గర. 2010లో రాధానగర్ ప్రాంతంలోనే ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది. హెచ్చరిక బోర్డున్నచోట కాలు కూడా తడపకండి. మసకవెలుతురులో నీళ్ళలో ఉండకండి, లైఫ్‌గార్డు ఈల వేస్తే వాదించకుండా బయటికి రండి. రోజూ ఇబ్బంది పెట్టేవి మాత్రం ఇసుక ఈగలు. కంటికి కనబడవు, కుట్టినచోట వారంపాటు దురద. కాళ్ళకి కొబ్బరినూనె దట్టంగా రాసుకుని, తువ్వాలు పరుచుకుని కూర్చోండి. గోకితే పుండు పడుతుంది.

అమ్మానాన్నల్ని తీసుకురావచ్చా?

నిక్షేపంగా. జైల్లో పై అంతస్తుకి మెట్లున్నాయి, కింద నుంచి చూసినా సరిపోతుంది. పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవాలి. రాస్‌లో నడవలేనివాళ్ళకి బ్యాటరీ బండి ఉంటుంది. ఎలిఫెంట్ బీచ్, బారాటాంగ్ వాళ్ళకి వద్దు. నీల్‌లో భరత్‌పూర్ బీచ్ దగ్గర అద్దాల అడుగు పడవ ఎక్కిస్తే కూర్చున్నచోటే పగడాలు చూస్తారు.

ఇంకో నాలుగు రోజులుంటే?

డిగ్లీపూర్. ఉత్తర అండమాన్ చివర, రోడ్డు మీద రోజంతా ప్రయాణం. రాస్, స్మిత్ అని రెండు దీవులు, పాటు వేళ మధ్యలో ఇసుక దారి తేలుతుంది, నడిచి వెళ్ళొచ్చు. ఈ రాస్ వేరు, పోర్ట్ బ్లెయిర్ రాస్ వేరు. 732 మీటర్ల శాడిల్ పీక్ ఎక్కొచ్చు, కాలీపూర్‌లో చలికాలం రాత్రుళ్ళు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. మంచి హోటళ్ళు ఆశించకండి.

తిరుగు విమానం ఎప్పుడు పెట్టుకోవాలి?

హేవ్‌లాక్ నుంచి పొద్దున ఫెర్రీలో వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కుదామని లెక్కలు వేయకండి. సముద్రం బాగాలేక ఫెర్రీ ఆగిపోతే విమానం మీకోసం ఆగదు. ముందురోజు సాయంత్రానికే పోర్ట్ బ్లెయిర్ చేరండి. స్కూబా చేసినవాళ్ళు నీళ్ళలోంచి వచ్చాక కనీసం 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కకూడదు, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి ఆ సమయం కావాలి. కాబట్టి డైవింగ్ హేవ్‌లాక్‌లో మొదటి రోజే పెట్టుకోండి. వాన వల్ల ఆ రోజు కుదరకపోతే మర్నాడు మిగిలుంటుంది.